రెండు వైపులా, ఉన్నది ఉన్నట్టు

చిట్టా 3871. జల్లెడకు పందొమ్మిది రోజులు.

పొద్దున్నే మేడెక్కి సౌర పలకల మీద దుమ్ము తుడిచాను. మొత్తం నలభై రెండు. చివరిది తుడిచేసరికి మొదటిదాని మీద మళ్లీ దుమ్ము పడుతుంది, ఈ నేల గుణం అది. దిగేటప్పుడు మోకాళ్లు మెట్టుమెట్టుకీ సణిగాయి. తర్వాత పరిశోధన పత్రాలు దాచే మా భాండారం యంత్రాన్ని లేపి, కాఫీ పెట్టుకుని, తెల్లబడ్డ దస్త్రాల లెక్క చూశాను. నిన్నటిలాగే మూడువేల నూటపన్నెండు. తగ్గి ఉంటాయేమోనని రోజూ ఎందుకు చూస్తానో నాకే తెలియదు.

ఈ చిట్టా రాయడం భాండారిగా నా విధి. ఈమధ్యదాకా సెలవురోజుల్లో రాసేదాన్ని కాదు, ఇప్పుడు ఏ రోజూ వదలను. చేత్తో, కాగితం మీద రాయాలి. యంత్రంలో రాసింది యంత్రం మార్చగలదని మా పెద్దల భయం. భయం ఉంది కానీ కొత్త కాగితం ఇవ్వరు. అందుకని ఒకపక్క వాడేసిన వన్‌సైడ్ కాగితాలను పేర్చి, దబ్బనంతో కుట్టి నేనే పుస్తకం చేసుకుంటాను. పదమూడేళ్లుగా నా కష్టసుఖాలన్నీ ఎవరెవరో వాడేసిన కాగితాల వెనకే ఉన్నాయి. ఏడాదికోసారి తనిఖీవాళ్లు పుస్తకాలు లెక్కపెట్టుకుని పోతారు, చదవరు.

పదకొండింటికి ఎండతో నడిచే బస్సు దిగి ఒకావిడ వచ్చింది. యాభై దాటి ఉంటాయి. మోకాళ్లు లోపలికి వంగి నడక పక్కకి ఊగుతోంది. పళ్ల మీద గోధుమరంగు చారలు. ఫ్లోరైడు నీళ్లు తాగి పెరిగిన మనిషని చూడగానే తెలిసింది.

"కాయితాలు దాచే అమ్మగారు మీరేనా? నా పేరు మస్తాన్‌బీ. నల్లవాగు కాలనీలో నీళ్ల ప్లాంటు నేనే చూసుకుంటా. మా గుళికలు చచ్చిపోయినై. వకుళమ్మగారు రాసిన కాయితం కావాల."

ఈ ప్రాంతంలో ప్లాంటంటే పెద్ద డ్రమ్ములు, వాటి నిండా తెల్ల గుళికలు. నీళ్లలోని విషాన్ని అవి పీల్చుకుంటాయి. కొన్నాళ్లకు కడుపు నిండి మానేస్తాయి. అప్పుడు కొత్తవి పోసేవారు. ఓడలు ఆగిపోయాక కొత్తవి లేవు. ఉన్నవాటినే కడిగి మళ్లీ బతికించే పద్ధతి ఒకటుందని, దాన్ని డాక్టర్ గోనుగుంట్ల వకుళ గారు పన్నెండేళ్ల కింద రాశారని నాకూ తెలుసు. 0614వ నంబరు.

తెర మీదికి తెచ్చి చూపించాను. పేరుంది, రచయిత పేరుంది, పదహారు పేజీలని ఉంది. పేజీలు మాత్రం పాలలా తెల్లగా ఉన్నాయి.

"ఏందమ్మా ఇది? రాత ఏదీ?"

తొమ్మిదేళ్లుగా చెప్పే పాఠం మళ్లీ చెప్పాను. పరిశోధన పత్రిక అందంగా వేసిన అచ్చుప్రతి పత్రిక యజమానిది. అచ్చుకు పంపేముందు రచయిత చేతిలో ఉన్న చివరి చిత్తుప్రతి రచయితది. పన్నెండేళ్ల లోపు ఆ చిత్తును రచయిత స్వయంగా భాండారంలో పెట్టుకుంటే లోకమంతా ఉచితంగా చదువుకోవచ్చు. చిత్తు బదులు అచ్చు పెడితే, ప్రతి అమావాస్యకూ జల్లెడ అనే యంత్రం వచ్చి దాన్ని వెతికి తెల్లగా చేసిపోతుంది. ఆ పత్రిక మూడుసార్లు చేతులు మారింది. ఇప్పటి యజమానికి ఉత్తరం రాస్తే జవాబే రాదు.

మస్తాన్‌బీ అంతా విని, నన్నొక పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది.

"వకుళమ్మగారు ఆరునెల్లు మా ప్లాంటులోనే కూర్చోని రాసినారు. చౌడు మన్ను మాది. సున్నం మాది. చింతపులుసు మాది. కడిగింది మా అత్త. ఇప్పుడది మాకే చూపియ్యరా?"

కాఫీ ఇచ్చాను.

చిట్టా 3872. జల్లెడకు పద్దెనిమిది రోజులు.

నిన్న మధ్యాహ్నం మబ్బు పట్టి ఎండ బస్సు ఆగిపోయింది. మస్తాన్‌బీ మా సంస్థ అతిథిగదిలోనే ఉండి, పొద్దున వరండాలో కూర్చుని మిగతా కథ చెప్పింది.

కాలనీలో ఐదు డ్రమ్ములు. మొదటిదాన్ని గుర్తున్నంత మేరకు చౌడునీళ్లతో కడిగితే గుళికలన్నీ పిండైపోయాయి. రెండోదాన్ని తక్కువ కడిగి, పులుసునీళ్లు సరిపోక వదిలేస్తే, ఆ నీళ్లు తాగిన పదకొండుమంది పిల్లలకు నోళ్లు పొక్కాయి. మండలం నీళ్ల అధికారి వచ్చి మిగతా డ్రమ్ములకు సీలు వేశాడు. భాండారం నంబరున్న పద్ధతి చూపిస్తేనే సీలు తీస్తాడట. అప్పటిదాకా మూడువందల నలభై ఇళ్లూ బోరు నీళ్లే తాగాలి.

"మా మనవరాలు జరీనాకి పాలపళ్లు ఊడినై. కొత్తవి ఇప్పుడిప్పుడే మొలుస్తన్నై. ఈ ఆరునెల్లు ఏ నీళ్లు తాగితే ఆ పళ్లు వస్తై." కొంగుతో నోరు కప్పుకుంది. "నా నోరు సూడండి. నా కాళ్లు సూడండి. నేను అడిగేది దానికోసం."

ఆవిడ వెళ్లాక 0614 వివరాలు చూశాను. పత్రిక చిత్తును ఒప్పుకున్న తారీఖు నుంచి పన్నెండేళ్లు వచ్చే అమావాస్యతో నిండుతాయి. ఆ తర్వాత రచయితకు కూడా హక్కుండదు. ఆ కాగితం కావాలని ఇప్పటికి వచ్చిన వినతులు రెండువందల పదమూడు. అన్నిటికీ 'దయచేసి రచయితను సంప్రదించండి' అని నేనే జవాబిచ్చాను. మేమిచ్చే రచయిత చిరునామా ఎనిమిదేళ్ల కింద మూతపడ్డ ప్రయోగశాలది.

చిట్టా 3873. జల్లెడకు పదిహేడు రోజులు.

ఒక సంగతి రాయాలి. మస్తాన్‌బీ కూర్చున్న చోటికే మాటిమాటికీ కళ్లు పోతున్నాయి కాబట్టి రాస్తున్నాను.

ఉద్యోగంలో కొత్తలో రచయితల చిత్తుప్రతులు చూస్తే నాకు ఒళ్లు మండేది. ఒకరివి వరసల మధ్య రెండేసి వేళ్ల ఖాళీ, ఒకరి పట్టికలన్నీ చివర్న కుప్ప, ఒకరి బొమ్మలు తలకిందులు. అదే అచ్చుప్రతి చూస్తే పెళ్లిపందిరిలా ఉండేది. నా అరలు శుభ్రంగా ఉండాలని నా పట్టుదల. ఎవరూ చెప్పకుండా, ఎవరినీ అడక్కుండా, చిత్తులు తీసేసి వాటి చోట అచ్చుప్రతులు పెట్టాను. ఆరువందల పదకొండు. ఉత్తమ భాండారమని ఆ ఏడాది మాకు ఫలకం ఇచ్చారు. ఇప్పటికీ నా తల వెనక గోడకే ఉంది.

జల్లెడ చట్టం మూడేళ్ల తర్వాత వచ్చింది. మొదటి అమావాస్యకే ఆ ఆరువందల పదకొండూ తెల్లబడ్డాయి. తెల్లబడ్డవాటిలో మిగతా రెండున్నరవేలు నిజంగానే రచయితలు అచ్చు మీద మోజుతో పెట్టినవి, ఆ మోజు నా ఒక్కదానిదే కాదు. పైనుంచి సంజాయిషీ అడిగితే, అన్నీ రచయితల పొరపాటేనని రాసిచ్చాను. పేర్లు అడిగారు. పేర్లూ ఇచ్చాను. నియమం మీరిన రచయితలని ఆ జాబితా సంస్థ గోడకెక్కింది. అందులో ఉన్నవాళ్లకు ఐదేళ్లపాటు కొత్త పరిశోధనకు అనుమతి లేదు. వకుళ గారి పేరు నలభై మూడోది.

నాకు భయమేసింది, అందుకే అబద్ధమాడాను. ఇంకో నాలుగు నెలల్లో రిటైరవుతాను. అధిపతి మాల్యాద్రి గారు శాలువా రంగు కూడా నన్నే ఎంచుకోమన్నారు.

చిట్టా 3876. జల్లెడకు పద్నాలుగు రోజులు.

వకుళ గారి ఊరు వాకబు చేసి కందుకూరు వెళ్లొచ్చాను. నలభై కిలోమీటర్లకు ఎండ బస్సు నాలుగుసార్లు మబ్బు కింద ఆగింది.

వకుళ గారికి డెబ్బై తొమ్మిది. ఒక్కరే ఉంటారు. ఇంటినిండా సీసాలు, కుండీలు, వాటి మీద చీటీలు. నన్ను గుర్తుపట్టడానికి ఒక నిమిషం పట్టింది. గుర్తుపట్టాక కూర్చోమనలేదు.

"నువ్వు హైమావతివి కదూ. ఇన్నాళ్లకు ఏం పనమ్మా నాతో?"

నల్లవాగు సంగతి, పిల్లల నోళ్ల సంగతి చెప్పాను. ఆవిడ ముఖం మారిపోయింది. గబగబా లేచి ఒక డబ్బా తెచ్చి మూత తీసి చూపించారు. చెదలు తిన్న కాగితపు పొడి.

"ఇవే నా నోటుపుస్తకాలు. ప్రయోగశాల మూసినప్పుడు ఒకమూల పడేస్తే నేను పోయి తెచ్చుకున్నా. అప్పటికే ఇంతే మిగిలింది."

"కొలతలు గుర్తున్నాయా మేడమ్? ఎన్ని పాళ్లు, ఎంతసేపు?"

"గుర్తున్నట్టే ఉంటాయి. అదే ప్రమాదం. గుర్తున్నట్టుంది కదా అని నేను చెప్తే ఆ పిల్లల నోళ్లు మళ్లీ పొక్కుతాయి." డబ్బాలోని పొడిని వేలితో కదిపారు. "పన్నెండేళ్లలో ఒక్కళ్లన్నా నన్ను అడగలేదు. పనికిరాని పని చేశాననుకున్నానమ్మా. అనుకుని వదిలేశా."

రెండువందల పదమూడు మంది అడిగారని చెప్పాను. ఆవిడ డబ్బా మూత బిగించి పక్కన పెట్టారు.

"నేను అచ్చుప్రతి పెట్టానని నా పేరు గోడకెక్కించారు. నేను చిత్తే పెట్టాను. అరచెయ్యి ముద్ర వేసింది కూడా గుర్తుంది, చేతికంటిన సిరా రెండ్రోజులు పోలేదు. నువ్వు రోజూ చిట్టా రాసేదానివి కదా. ఆ రోజు ఏం రాశావో వెళ్లి చూడు. చూసి నాకు చెప్పు."

నేనే చేశానని ఆ క్షణాన చెప్పాల్సింది. చూస్తానండీ అని మాత్రం అన్నాను. మంచినీళ్లు ఇచ్చారు, తాగి బస్సెక్కాను.

చిట్టా 3877. జల్లెడకు పదమూడు రోజులు.

పాత చిట్టాలు ట్రంకుపెట్టెలో ఉన్నాయి. బొద్దింకలు పోగా బాగానే ఉన్నాయి. వకుళ గారు చిత్తు పెట్టిన నెల వెతికి తీశాను. చిట్టా 322లో నా అక్షరాలు అప్పుడెంత గుండ్రంగా ఉండేవో:

'ఈరోజు 0614 చిత్తు తీసేసి అచ్చు పెట్టాను. ఈ వకుళ గారి కాగితం కోడి కెలికిన పెంటకుప్పలా ఉంది, పట్టికల్లో గీతలు కూడా లేవు. ఇప్పుడు అర కళకళలాడుతోంది. మధ్యాహ్నం వంకాయ కూర తెచ్చుకున్నాను, ఉప్పు ఎక్కువైంది.'

చదివి సిగ్గుతో పేజీ తిప్పాను. తిప్పితే వెనకాల గీతల్లేని పట్టిక. చౌడు పాళ్లు, సున్నం పాళ్లు, ఎన్నిసార్లు కడగాలి.

మొదట అర్థం కాలేదు. తర్వాత పెట్టె మూత మీదే కూర్చున్నాను. అప్పట్లో ప్రతి చిత్తునూ కాగితం మీద ముద్రించి, పేజీపేజీకీ రచయిత అరచెయ్యి ముద్ర, తారీఖు వేయించేవాళ్లం. చిత్తు యంత్రంలోకి ఎక్కాక ఆ కాగితాలతో పనేముంది? వన్‌సైడ్ దొంతరలో పడేశాను. ఆ దొంతరతోనే చిట్టా కుట్టుకున్నాను. పుస్తకాన్ని చివరి నుంచి మొదటికి తిప్పుతూ పోతే పదహారు పేజీలూ వరసగా ఉన్నాయి, పేజీపేజీకీ వకుళ గారి అరచేతి ముద్రతో సహా. నేను పారేశాననుకున్నదాని మీదే పన్నెండేళ్ల కింద నా వంకాయ కూర గురించి రాసుకున్నాను.

ఏడ్చాను. సంతోషమో మరొకటో తేల్చుకునే ఓపిక లేదు.

చిట్టా 3878. జల్లెడకు పన్నెండు రోజులు.

నియమాల పుస్తకం తీశాను. ఆలస్యంగా పెట్టే చిత్తులకు వేరే నియమం ఉంది. కొందరు కొత్తగా రాసి పాత తారీఖు వేసుకొచ్చారని పెట్టిన నియమం. ముద్ర ఉన్న మొదటి కాగితమే కావాలి. నకలు చెల్లదు. కాగితాన్ని రెండు వైపులా, ఉన్నది ఉన్నట్టు చిత్రం తీయాలి. ఏ వైపూ కప్పకూడదు, ఏదీ కత్తిరించకూడదు.

అంటే పదహారు పేజీల వకుళ గారి పని, దాని వెనక పదహారు పేజీల నేను. చిత్తు మార్చిన రోజు, దాని ముందు వెనక రోజులు, ఇంకో ఇరవై చిత్తులు మార్చానని మురిసిపోయిన రోజులు. ఎవరి నంబర్లు మార్చానో వరసగా రాసుకున్నాను కూడా. అంతా లోకం చదువుతుంది, ఎప్పటికీ చెరగదు.

బల్ల సొరుగులో సిరా చెరిపే మందు సీసా ఉంది. తొమ్మిదో పేజీ వెనకే ఆ వాక్యం ఉంది. దూది ముంచి 'తీసేసి' అన్న మాట మీద అద్దాను. ఒక్క మాట పోతే చాలు, మిగతాది ఎవరికీ అర్థం కాదనుకున్నాను. సిరా కరిగింది. కాగితం పలచనిది, మందు అటువైపుకీ దిగింది. గభాల్న తిప్పి చూసేసరికి ముందువైపు ఒక అంకె మీద నీలం మరక పడి ఉంది.

'కడిగిన గుళికలను నీడలో ఆరబెట్టవలసిన సమయం' అన్న వరసలోని అంకె అది. మూడున్నర గంటలో, ఎనిమిదిన్నర గంటలో. ఎండకు పట్టి చూశాను, భూతద్దం పెట్టి చూశాను, తేలలేదు.

ఒకసారి చేసిన తప్పు అజ్ఞానం అనుకోవచ్చు. ఇది అది కాదు. యాభై ఏడేళ్ల మనిషిని, పిల్లల పళ్లకు సంబంధించిన అంకెను నా పేరు కోసం చెరిపాను. నా మీద నాకే అసహ్యం వేసింది. సీసా తీసుకెళ్లి పెరట్లో పారబోశాను.

చిట్టా 3881. జల్లెడకు తొమ్మిది రోజులు.

రెండు రోజులు ముసురు పట్టి బస్సు నడవలేదు. ఈరోజు పుస్తకాన్ని సంచిలో పెట్టుకుని కందుకూరు వెళ్లాను.

"ముందు వెనకవైపు చదవండి మేడమ్" అని చేతికిచ్చాను.

ఆవిడ కళ్లద్దాలు పెట్టుకుని మొత్తం పదహారు పేజీలూ చదివారు. తొందరపడలేదు. కోడి కెలికిన పెంటకుప్ప దగ్గర ఆగి నన్ను చూశారు. నేను తల దించుకోలేదు. దించుకుంటే అదొక నాటకం అవుతుందనిపించింది.

"ఐదేళ్లు నన్ను పని చెయ్యనివ్వలేదు హైమా" అన్నారు చివరికి. గొంతు పెంచలేదు. "డెబ్బై ఐదేళ్లకు ఆ ఐదేళ్లూ అయ్యాయి. అప్పటికి నాకు చేతులు వణకడం మొదలైంది."

"తెలుసండీ."

"నీకు తెలీదు. తెలిసుంటే మంచినీళ్లు తాగి వెళ్లేదానివి కాదు." పుస్తకం తిప్పి తన వైపు చదవడం మొదలుపెట్టారు. చదువుతుంటే ఆవిడ ముఖం మెల్లగా వేరే మనిషిదైంది. పట్టిక మీద వేలు పెట్టి తనలో తానే లెక్కలు గొణుక్కున్నారు. తొమ్మిదో పేజీకి వచ్చి ఆగిపోయారు. "ఈ మరకేంటి?"

చెప్పాను. అది కూడా చెప్పాను.

ఈసారి ఆవిడ అరిచారు. ఏమేం అన్నారో రాయను. అన్నీ నిజమే. అరిచి అరిచి దగ్గు వచ్చి ఆగారు. నేను నీళ్లు తెచ్చిచ్చాను.

"ఎనిమిదిన్నర అయితే పైపొర పగిలిపోతుందేమో. మూడున్నర అయితే లోపల తడి ఉంటుందేమో. నాకు రెండూ సరిగ్గానే అనిపిస్తున్నాయి" అన్నారు. "ఆరబెట్టింది నేను కాదు. నేను గడియారం చూసి రాసుకున్నా, అంతే. ఆ నల్లవాగులో పెద్దావిడ ఉండేది. ఖాదర్‌బీ. ఉందా?"

మస్తాన్‌బీకి ఫోను చేశాను. ఖాదర్‌బీ ఆవిడ అత్తగారే. ఉంది, తొంభైకి దగ్గర పడింది, చెవులు బాగా పనిచేస్తాయి. అటు ఫోను ఖాదర్‌బీకిచ్చారు, ఇటు నేను వకుళ గారికిచ్చాను.

"ఎవురూ, వకుళమ్మా? బాగున్నావా తల్లీ? ఇంకా బతికే ఉండావా?"

వకుళ గారు నవ్వారు. ఈ రెండు రాకల్లో ఆవిడ నవ్వడం అదే మొదలు. "ఉన్నానమ్మా. గుళికలు కడిగినాక నీడలో ఎంతసేపు ఆరేసేదానివి?"

"నాకు గంటలు యాడ తెలుసు తల్లీ. జొహర్ నమాజు అయినాక పరిచేదాన్ని. అసర్ అజాఁ ఇనపడంగానే లేచి ఎత్తేసి, కాళ్లు చేతులు కడుక్కునేదాన్ని. ఇంకాసేపు ఉంచితే పెళుసైపోతన్నై, ఎత్తెయ్యమని నువ్వే కదా ఒకదినం అరిచినావు!"

మధ్యాహ్నం నమాజు నుంచి సాయంత్రపు నమాజు దాకా. ఏ కాలమైనా మూడు, మూడున్నర గంటలు దాటదు. వకుళ గారు కళ్లు మూసుకుని తల ఊపారు. "అవును. నువ్వు లేచినప్పుడల్లా నేను గడియారం చూసేదాన్ని. అదే రాసుకున్నా."

ఫోను పెట్టేశాక నావైపు చూసి, "మూడున్నర" అన్నారు. "పద. ఎండ ఉండగానే బస్సు పట్టుకోవాలి."

"రేపు రావచ్చు మేడమ్, అలసిపోయారు."

"నీ చేతిలో ఇంకో రోజు ఈ కాగితాలు ఉంచనమ్మా."

చిట్టా 3882. జల్లెడకు ఎనిమిది రోజులు.

వకుళ గారు అతిథిగదిలో పడుకుని, పొద్దున తొమ్మిదికల్లా భాండారం తలుపు దగ్గర నిలబడ్డారు. కుట్టు విప్పి పదహారు కాగితాలు వేరుచేశాను. ఒక్కొక్కటే గాజుపలక మీద పెట్టి, ముందువైపు, వెనకవైపు, ముందువైపు, వెనకవైపు. తొమ్మిదో కాగితం దగ్గర రచయిత వివరణ రాసే గడిలో ఆవిడ రాశారు: 'మరక కింది అంకె మూడున్నర. నల్లవాగు ఖాదర్‌బీ నమాజు వేళల ప్రకారం సరిచూసినది.' మరక ఎలా పడిందో దాని కింద నేను రాసి సంతకం చేశాను.

మాల్యాద్రి గారు వచ్చి తెర మీద వెనకవైపు బొమ్మలు చదివారు. ఆయన మంచివారు, పాపం. "హైమావతిగారూ, ఇంకో దారేదైనా..." అన్నారు. లేదన్నాను. శాలువా విషయం ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. గోడ మీది ఫలకం మాత్రం నేనే దింపి బల్ల కింద పెట్టాను.

వకుళ గారు పలక మీద అరచెయ్యి ఆనించారు. చెయ్యి వణకడం వల్ల యంత్రం రెండుసార్లు కాదంది. మూడోసారి నేను ఆవిడ మణికట్టు పట్టుకోబోతే, "నువ్వు పట్టుకోకు, నా చెయ్యే ఉండాలి" అని ఎడమచేత్తో కుడిచేతిని తానే అదిమిపెట్టారు. పచ్చదీపం వెలిగింది. 0614 తెరుచుకుంది.

పాత వినతులు రెండువందల పదమూడింటికీ జవాబులు పంపాను. మధ్యాహ్నానికి నలభైమంది చదివారు. వెనకవైపు కూడా చదివినట్టున్నారు. నన్ను తిడుతూ పదకొండు ఉత్తరాలు వచ్చాయి. ఒకాయన వంకాయ కూరలో ఉప్పు ఎక్కువైతే ఏం చెయ్యాలో రాశాడు.

చిట్టా 3889. జల్లెడకు ఒక రోజు.

మస్తాన్‌బీ ఫోను చేసింది. నంబరు చూపిస్తే అధికారి సీలు తీశాడట. కోడలు పద్ధతి చదువుతుంటే తాను కడిగింది. ఖాదర్‌బీ మంచం నీడలోకి వేయించుకుని, అసర్ అజాఁ వినపడగానే ఎత్తెయ్యమని కేకలేసిందట. పరీక్ష నీళ్లు ఈరోజు హద్దులోపలికి వచ్చాయి.

"జరీనా తాగిందమ్మా" అంది. "మూడు గళాసులు తాగింది."

తర్వాత ఆవిడే అంది, "ఎనకపక్క కూడా మా కోడలు చదివిందమ్మా."

"ఊఁ."

"మా అత్తకి శానా కోపమొచ్చింది. నాకూ వచ్చింది. మీరు మార్చినామని రాసుకున్న నంబర్లు ఆడ శానా ఉండాయంట కదా. అయ్యి కూడా ఎవురో ఒకరికి కావాల్సినయ్యే అయ్యుంటై."

అంతే అని పెట్టేసింది.

చిట్టా 3890. అమావాస్య.

జల్లెడ పొద్దున వచ్చి పోయింది. 0614 జోలికి రాలేదు. పలకలు తుడిచి వచ్చి లెక్క చూశాను. తెల్లబడ్డవి మూడువేల నూటపదకొండు.

ట్రంకుపెట్టెలో ఆ కాలపు చిట్టాలు ఇంకా ముప్పై ఎనిమిది ఉన్నాయి. వాటి వెనక ఆరువందల పది చిత్తులు అన్నీ దొరకవు. కొన్నిటికి గడువు ఈ జల్లెడతోనే పోయింది, కొందరు రచయితలు లేరు. ఉన్నవాటికి నాకు మిగిలింది నాలుగు నెలలు. నడుం నొప్పిగా ఉంది. ఎవరైనా వచ్చి ఇది నువ్వు చెయ్యక్కర్లేదంటే హాయిగా పడుకుంటాను. ఎవరూ రారు.

ఈ చిట్టా రాస్తున్న కాగితాన్ని కూడా తిప్పి చూశాను. క్యాంటీను పాత ధరల పట్టిక. దీన్ని ఎవరూ అడగరు.

రెండో పుస్తకం కుట్టు విప్పాను. గడువు మిగిలినవాటిలో మొదట వచ్చింది 0615. చౌడునేలలో మొలిచే సజ్జల మీద రాసిన కాగితం, రచయిత చీమకుర్తిలో ఉంటారట. పన్నెండో పేజీ వెనక నేను ఆయన్ని తెలివితక్కువ మనిషి అని రాసుకున్నాను. ఉత్తరం రాసి పుస్తకంతో పాటు సంచిలో పెట్టాను, రేపు ఎండ ఉంటే స్వయంగా తీసుకెళ్తాను.

'అయ్యా, మీ చిత్తుప్రతి నా దగ్గరుంది. పారేసింది నేను, మీరు కాదు. ముందు వెనకవైపు చదవండి. చదివాక, మీకు ఇష్టమైతే, నాతో బస్సెక్కండి.'